చక్రాలకు చెంబెడు నీళ్ళు

“సుమ్మా, ఊరికే రోడ్డు చూసేదానికని ఎవరన్నా మదురకు సైకిల్లో పోతారా? ఊర్లో బస్సు లేదా?” అన్నాను నేను.

“బస్సులో పోతే బస్సు పోతాది. సైకిల్లో పోతే నేను పోతాను” అన్నారు మా ఆయన.

“చెయిన్‌కు పూస్తుండారే, అది తలకు పెట్టే కొబ్బరి నూనె.”

“తలకు పెట్టి ఏమి చూస్తిమి? దీనికి పెడితే మదుర చూస్తాము.”

“పోతే పొండి. తిరిగొచ్చినాక చక్రాలకు నీళ్ళు పొయ్యమని నన్ను పిలవొద్దు. పైపులో దినం విడిచి దినం నీళ్ళొస్తుండాయి. ఇనుముకు పొయ్యేదానికి నా దగ్గిర మంచినీళ్ళు లేవు.”

“నువ్వు పొయ్యకుంటే అది లోపలికి రాదే. వాకిట్లోనే నిలుచుకోనుంటాది.”

“నిలుచుకోనీ.”

తెల్లవారకముందే జరిగిన ఈ జగడాన్ని ముందు ఎందుకు రాశానంటే, ఆ తర్వాత జరిగినదానికి దీనితో సంబంధం ఉంది. ఏం సంబంధమో మాత్రం నన్ను అడగకూడదు.

దయ్యాల మాట నేను ఏనాడూ చెవిన పెట్టినదాన్ని కాను. మిల్లు వెనక చింతచెట్టు కింద ఏదో నిలబడి ఉందని రాత్రి షిఫ్టు వాళ్ళు వణుక్కుంటూ చెబితే, కిరోసిన్ దండగని దీపం ఆర్పి పడుకున్నదాన్ని. నేను బడికి పోయింది కొద్దిరోజులే, అదీ అరవ బడి. తెలుగు అక్షరాలు మా తాత నేర్పినవి. చూసినదాన్ని చూసినట్టు రాయడానికి అంత చదువు చాలు.

కోయంబత్తూరు పక్కన మిల్లువాళ్ళు కట్టించిన లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆ మిల్లులో ఫిట్టరు. తాగుడు లేదు, చీట్లాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, సైకిలు. మిల్లు మూస్తే చాలు, తోటివాళ్ళతో మేట్టుపాళయం పోయి కొండలు చూసి వచ్చేవారు. కొండెక్కరు, ఏమీ కొనుక్కురారు. పళనికి పోయినా కొండ కింద టీ తాగి తిరిగి వచ్చేవారు. “స్వామిని చూడలేదా?” అంటే “దోవ చూస్తిని కదా” అనేవారు. ఇది నాకు అర్థమయ్యేది కాదు.

నీళ్ళు పోయడం మా వాళ్ళ ఆచారం. బండ్లు కట్టుకుని తిరిగిన కాలంలో, దూరం పోయి వచ్చిన బండి ఇంటి ముందు నిలిచాక, ఇల్లాలు చక్రాలకు చెంబెడు నీళ్ళు పోసేది. దారిలో వెంటవచ్చింది ఏదైనా అక్కడే దిగిపోవాలని. బండ్లు పోయి సైకిళ్ళు వచ్చినా ఆచారం పోలేదు. ఒక పయనానికి ఒకసారే పోయాలి. రెండోసారి పోస్తే మళ్ళీ పయనం పెట్టినట్టని మా అత్త చెప్పేది. నీళ్ళు మిగులుతాయని ఆ మాట నాకు నచ్చేది.

ఆ ఎండాకాలం కరెంటు లేక మిల్లు కొన్నాళ్ళు మూశారు. తోటివాళ్ళు ఎవరూ రామన్నారు. ఆయన ఒక్కరే బయలుదేరారు. మొదటి రాత్రి పళనిలో పడుకుని, మరునాడు వాడిపట్టి మీదుగా మదుర చేరి, అక్కడ మా చిన్నాన్న ఇంట్లో దిగాలి. తిట్టుకుంటూనే పులుసన్నం మూట కట్టి ఇచ్చాను. తీసుకుని, వెనక్కి చూడకుండా పోయారు.

మరునాడు పొద్దు వాలే వేళ నేను ఇంటి వెనక బియ్యం కడుగుతున్నాను. పక్కింటి మరియమ్మక్క గోడ మీదుగా పిలిచింది.

“ఏమమ్మాయి, తమ్ముడు అప్పుడే వచ్చేసినాడా? బండి నిలుచుకోనుండాదే!”

ఆమె చర్చికి తప్పకుండా పోయే మనిషి. దిష్టి తీయడం కూడా తప్పని నాతో వాదించేది. అందుకే ఆమె పేరు ఇక్కడ చెప్పాను.

వాకిట్లోకి వచ్చి చూశాను. సైకిలు ఎప్పుడూ ఆనించే గోడకే ఆనించి ఉంది. హ్యాండిల్‌కు నేను కట్టిచ్చిన మూట లేదు. ఆయన లేరు. మోకాలు నొప్పి పట్టి పళని నుంచే తిరిగి వచ్చారని, నా నోటికి భయపడి టీ కొట్టులో కూర్చున్నారని అనుకున్నాను. సంతోషమే వేసింది. సంతోషం మొహంలో చూపిస్తే మళ్ళీ పోతారు కనుక మొహం మామూలుగానే పెట్టుకున్నాను.

చక్రాలు రెండూ బురద. మా దగ్గర వాన పడి నెలలైంది. వీధిలో తొక్కితే దుమ్మే లేచేది. ఆ బురదలో పచ్చటి వరినారు పోచలు ఇరుక్కుని ఉన్నాయి. మా చుట్టుపక్కల పత్తి, జొన్న తప్ప వరి లేదు. ఇది అప్పుడే నాకు తట్టి ఉండాలి. తట్టలేదు.

మంచినీళ్ళు పోయనని అన్న మాట అన్నదే. లోపలికి పోయి, మేకకోసం పక్కన పెట్టిన బియ్యం కడిగిన నీళ్ళు చెంబుతో తెచ్చాను. ముందు చక్రానికి సగం, వెనక చక్రానికి సగం పోశాను. బురద జారిపోయింది. నారు పోచలు ఏరి మేకకు వేశాను. పచ్చటిది ఏదీ మా ఇంట్లో వృథా పోదు.

పొయ్యి మీద అన్నం పెట్టి మళ్ళీ వచ్చేసరికి సైకిలు లేదు. గోడ దగ్గర తడి ఉంది. ఆయనే తీసుకుపోయారనుకున్నాను. టీ కొట్టుకు పోయి అడిగితే, ఆయన నిన్న పోయిన తర్వాత రానేలేదన్నారు. అన్నం చల్లారిపోయింది. నీళ్ళు పోసి మూత పెట్టి, వాకిట్లో కూర్చున్నాను. మరియమ్మక్క వచ్చి నా పక్కన కూర్చుని జపం చేసుకుంది. నేను వద్దనలేదు.

ఎన్నో విధాలుగా ఆలోచించి చూశాను. వేరే ఎవరి సైకిలో అనుకుందామంటే, సీటుకు నేను కుట్టిన పాత చీర గుడ్డ నాకు తెలియదా? కల అనుకుందామంటే, మరియమ్మక్కకూ అదే కల వచ్చిందా? నాకు తెగలేదు. ఇప్పటికీ తెగలేదు.

తెల్లారాక ఒక కూరగాయల లారీ వీధి మొదట ఆగింది. మా ఆయన దిగారు. కుడిచెయ్యి మెడకు కట్టి ఉంది, నుదుట కుట్లు. వాడిపట్టి దగ్గర కాలవ గట్టు మీద పోతూ, అడ్డం వచ్చిన గేదెను తప్పించబోయి వరిమడిలో పడ్డారట. సైకిలు మీద పడింది. మొహం బురదలో ఉంది. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు చూసి లేవనెత్తకుంటే ఊపిరి ఆడేది కాదట. పొద్దు వాలే వేళ అన్నారు.

“ఏమే, చూస్తా నిలబడినావు? తిట్టేది ఉంటే తిట్టు” అన్నారు.

డ్రైవరు టార్పాలిన్ విప్పి సైకిలు దించాడు. సీటు, పెడళ్ళు, చెయిన్, హ్యాండిల్ అన్నీ ఎండిన బురద. మడిలోనుంచి తీసింది తీసినట్టే ఎక్కించామని అతను అన్నాడు.

నేను మంచినీళ్ళ చెంబు తేవడానికి లోపలికి పోయాను. ఆ పొద్దు పైపులో నీళ్ళు వచ్చే రోజు కాదు. అయినా బిందెలోంచి నిండా ముంచుకుని వచ్చాను.

చక్రాల దగ్గర వంగి చూశాను. టైర్ల మీద బురద లేదు. రిమ్ముల మీద మాత్రం బియ్యం కడిగిన నీళ్ళు ఎండినప్పుడు ఉండేలాంటి తెల్లటి పొర ఉంది. వేలితో గీకితే పిండిలా రాలింది.

చెంబులో నీళ్ళు తీసుకుపోయి మళ్ళీ బిందెలో పోసేశాను.