అందరూ అవునన్నారు

తడిబట్టలతో నిలబడి చెప్తాండా, ఇందులో ప్రతి మాటా నిజం. తల మాత్రం తడపలేదు, కుట్లింకా మానలేదు.

పామిడిలో నాది బోరు మోటార్లకు వైండింగ్ చుట్టే పని. సాయంత్రమైతే టీ అంగడి కాడ అబద్ధాలు చుట్టే పని. నాకు పేరొచ్చింది రెండోదాంట్లోనే. అందుకే నా తలకాయలో గడ్డ ఉండాదని చెప్పినప్పుడు విత్తనాల అంగడాయన టీ గ్లాసు దించకుండానే అడిగినాడు.

"ఏం గడ్డన్నా? కూరలోకేసే ఎర్రగడ్డా, ఉర్లగడ్డా?"

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. స్కాను ఫిలిం ఎండకు పట్టి చూపించినాక గానీ నమ్మలేదు.

బెంగళూరులో ఆపరేషను చేసినారు. గడ్డ మొత్తం రాలేదంట, కొంచెం మిగిలిందంట. డాక్టరమ్మ ఆ మాట చెప్తాంటే నా భార్య ఏడ్చింది. నేను సెలైను చుక్కలు చూస్తా పండుకున్యా. కాలికి తిమ్మిరెక్కితే నేలకేసి తంతాం. మనసుకెక్కితే దేనికేసి తన్నాల? ఇంటికొచ్చినాక కూడా ఏడుపు రాదు, నవ్వు రాదు. ఈ మనిషి మళ్లా నవ్వుతాడా అని నా భార్యకు ఒకటే బెంగ. మనుషుల్లో కలవమని డాక్టరమ్మ చెప్పిందని, ఆమే నన్ను టీ అంగడికి తరిమింది.

నన్ను చూస్తానే బెంచీ ఖాళీ చేసినారు. ఎవురూ గట్టిగా మాట్లాడలేదు. నేనే పాత సరుకు బయటికి తీసినా.

"తనకల్లు కాడ వెయ్యి అడుగుల బోరేసినారప్పా. నీళ్లు పడలేదు గానీ, అడుగునుంచి 'ఎవురప్పా పైన?' అని ఇనపడింది."

మునుపైతే "వాళ్ల ఫోన్ నంబరు తీసుకున్యావా?" అని పరువు తీసేవాళ్లు. ఇప్పుడు టీ అంగడాయన తలూపినాడు.

"అవునన్నా, అయింటాది."

విత్తనాల అంగడాయన నా ముఖం చూడకుండా చీనీకాయ ఒలుస్తా కూచున్యాడు. నేను వదల్లేదు.

"ఆ గొంతు అచ్చం చచ్చిపోయిన మా నాయనదే" అన్నా.

అప్పుడు ఆయన నా వీపు మీద ఒకటి చరిచినాడు. "థూ! గడ్డ తీసినారు గానీ నీ అబద్ధాలు తీయలేదు కదన్నా!" నాకు నవ్వొచ్చింది. కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వినా.

ఆ చరుపు, ఆ మాట, ఆ నవ్వు నేను కల్పించినవి. మిగతాదంతా జరిగింది. ఆయన ఒలిచిన తొనొకటి నా చేతిలో పెట్టి, "అవునన్నా" అన్నాడు. తిని ఇంటికొచ్చినా. "నవ్వినావా?" అని నా భార్య వాకిట్లోనే అడిగింది. ఆమెకు చెప్పిన అబద్ధమే పైన రాసినా.