ఇల్లరికం వచ్చిన కొంగ కారు

మొన్న శ్రావణమాసంలో మా కోడలు కారు కొనుక్కుంటానంటే తోడుగా కోదాడ వెళ్లాను. హైవే పక్కన కొత్తగా తెరిచిన షోరూం. లోపల ఏసీ చలికి చీర చెంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడ్డానో లేదో, ఎదురుగా ఉన్న ఎర్ర కారు ముక్కు మీద రెక్కలు విప్పిన కొంగ బొమ్మ కనపడింది. ఆ కొంగను నేను ముప్పై ఏళ్లకు పైగా ఎరుగుదును. టై కట్టుకున్న అబ్బాయి వచ్చి, "ఇది ఇంగ్లండు కంపెనీ మేడమ్, చాలా పాతదండి. ఇప్పుడు ఓనర్లు చైనా వాళ్లండి. కానీ తయారయ్యేదంతా మన దేశంలోనేనండి" అని ఒక్క ఊపిరిలో మూడు దేశాలు తిప్పాడు. పక్కన మరో కారు చూసుకుంటున్న పెద్దమనిషి ఊరుకోలేదు. "ఇంతకీ ఏ దేశపుదో ఒక్క మాట మీద నిలబడి చెప్పు బాబూ" అన్నాడు. నేను పకపకా నవ్వేశాను. కోడలు సిగ్గుపడిపోయి నన్ను సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్లు తెప్పించింది. ఆ అబ్బాయి తప్పేం లేదు. ఆ ప్రశ్నకు జవాబు వేములపల్లిలో మా బావ దగ్గర తప్ప ఎక్కడా దొరకదు.

బావ అంటే మా అక్క మొగుడు. ఊరు పెద్దవూర. మా నాన్నకు మేమిద్దరం ఆడపిల్లలమే కావడంతో, పొలమూ గొర్ల మందా చూసుకోవడానికి ఇల్లరికం తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక తెలిసింది, అల్లుడికి గొర్ల మీద కన్నా యంత్రాల మీద ప్రేమ ఎక్కువని. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో ఫిట్టరుగా చేరాడు. బెల్టు ఎక్కడ వదులైందో, బేరింగు ఎప్పుడు పోబోతుందో, గేటు బయట సైకిలు దిగుతూనే విని చెప్పేవాడు. అంత పనిమంతుడికి ఊళ్లో సొంత పేరు మాత్రం లేదు. పెళ్లి శుభలేఖల మీద కూడా మా నాన్న పేరు రాసి "వారి అల్లుడు గారికి" అని రాసేవాళ్లు. నాన్న పోయాక కూడా అట్లాగే రాశారు. బావ ఆ కవర్లు మడిచి చూరులో పెట్టేవాడు. కానీ నేను ఎదుట ఉంటే నా వైపు చూసి చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు కోపం, ఎందుకంటే అందులో నవ్వు ఉండేది కాదు.

ఒకరోజు ఆ మిల్లు పాత షెడ్డు కూలగొడుతుంటే, ఊక గుట్ట కింద కారు బయటపడింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు, దాని మీద రెక్కలు విప్పిన కొంగ బొమ్మ. సాగర్ డ్యాం కట్టే రోజుల్లో ఎవరో ఇంజనీరు మద్రాసు నుంచి తెచ్చుకుని, బదిలీ మీద వెళ్తూ మిల్లు సేఠుకు వదిలేసి పోయాడట. "షెడ్డు ఖాళీ అయితే చాలు, తీస్కపో" అన్నాడు సేఠు. బావ దాన్ని ట్రాక్టరుకు కట్టి వేములపల్లి దాకా లాక్కొచ్చాడు. వెనక ఊరి కుక్కలన్నీ ఊరేగింపు. నాన్న వాకిట్లో నిలబడి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏందయ్యా అల్లుడా, ఎంతమంది కూసుంటరు ఇండ్ల?" అని అడిగాడు.

"ఇద్దరు మామా."

"మనం తొమ్మిది మందిమి" అని నాన్న కండువా దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అయినా మొదట్లో ఆ కొంగకు గొప్ప మర్యాదే జరిగింది. ఇంగ్లండు సరుకంటే తిరుగులేదని నమ్మే రోజులు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ప్రత్యేకంగా మిర్యాలగూడ నుంచి రిక్షాలో వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ముందున్న బొమ్మను వేలితో తాకి, "సీమదొరల పనితనం" అని కళ్లు మూసుకున్నాడు. ఆయన కళ్లు తెరిచేసరికి మా అక్క బానెట్ మీద మిరపకాయలు ఎండబోస్తోంది. ఆ రేకు కాలినట్టు ఏ డాబా కాలదు, రెండు రోజుల్లో గలగలమనేవి. ఒక వానాకాలం గొర్రె ఒకటి సరిగ్గా డ్రైవరు సీట్లోనే ఈనింది. ఆ పిల్లను ఇంటిల్లిపాదీ "దొర" అని పిలిచేవాళ్లం. కారులో తోలు వాసన, పెట్రోలు వాసన, గొర్రె వాసన కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే వస్తుంది.

కారుకు సామాను ఎక్కడా దొరకదు. అందుకని బావ దాన్ని మా జిల్లా మనిషిని చేయడం మొదలుపెట్టాడు. ఇంజను రింగులు సూర్యాపేటలో లేతు మిషను దగ్గర రోజంతా నిలబడి తిప్పించాడు. బ్రేకు గొట్టాలు హాలియా ట్రాక్టరు షాపువి. పైకప్పు వడ్ల మీద కప్పే టార్పాలిన్. స్టీరింగు చక్రం విరిగితే బండిచక్రాలు చేసే వడ్రంగితో టేకుతో చేయించాడు. ఆ వడ్రంగి అలవాటు కొద్దీ స్టీరింగు కమ్మీలకు బండిచక్రం ఆకుల్లాగే నగిషీ కూడా చెక్కాడు.

ఇక దసరా. పండుగనాడు కత్తీ కొడవలీ నుంచి ట్రాక్టరు దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టుకుంటాం కదా, బావ ఒక నియమం పెట్టాడు. "ఊపిరి లేనిదానికి బొట్టు పెట్టొద్దు. ఇంజను లేసినంకనే పూజ, పూజ అయినంకనే బువ్వ." అంటే కారు స్టార్టయి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు చితికేదాకా ఇంట్లో ఎవరూ యాట మాంసం కూర ముట్టకూడదు. ఒక ఏడాది పొద్దు వాలేదాకా లేవలేదు. కూర వాసనకు పిల్లలు ఏడుపు లంకించుకున్నారు, నానమ్మ ఇంగ్లండు వాళ్లను వంశం పేరు తెలియకుండానే తిట్టింది. చివరికి అక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "జరుగు, నాకు సూపెట్టు యాడ అడ్డుపడ్డదో" అంది. కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్న బెజ్జం చూపించాడు బావ. అక్క గాజులకు వేలాడే పిన్నీసు తీసి, రెండుసార్లు పొడిచి, నోటితో ఊదింది. కారు లేచింది. అప్పటి నుంచి ప్రతి దసరాకీ ఆ పని అక్కదే. భక్తి వల్ల అనుకునేరు, కూర చల్లారకూడదని.

ఏళ్లు గడిచేకొద్దీ కొంగ పరువు తగ్గింది. జపాను వాళ్ల పేరు మోగింది, ఇంగ్లండు కార్లంటే నూనె కారుతాయని వెక్కిరించే కాలం వచ్చింది. ఒకరోజు నాన్న పేపరు పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. "అల్లుడా, నీ కొంగోళ్లు కంపెనీ మూసిండ్రంట. జర్మనోడు కొన్నడంట. ఇగ నీది ఇంగ్లండుది కాదు, యాడిదీ కాదు." బావ స్పానరు కింద పెట్టాడు. "కంపెనీ ఇల్లరికం పోయింది మామా. ఇల్లరికం పోయినంత మాత్రాన మనిషి యాడోడూ కాకుండ పోతడా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాన్న పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ పూట తనే కంచం వేసి బావను భోజనానికి పిలిచాడు. తర్వాత ఆ కంపెనీ చైనా వాళ్ల చేతికి పోయిందని తెలిసినా, మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మొన్నటేడు హైదరాబాదులో పాత కార్ల క్లబ్బు వాళ్లు విజయవాడ దాకా యాత్ర పెట్టారు. సూర్యాపేటలో కార్లను పరీక్షించి కొత్తవాళ్లను చేర్చుకుంటారట. అక్కడి నుంచి కోదాడ దాకా సొంత ఇంజను మీద వచ్చిన కారును మైకులో పిలిచి ఫలకం ఇస్తారట. బావకు అప్పటికి డెబ్భై దాటాయి. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "మరదలా, ఆ ఫారం నింపు. నాకు ఇనాము గినాము అక్కర్లేదు. ఈ కారు లెక్కలకు రావాలె, అంతే" అన్నాడు. ఏ లెక్కలోకో నేను అడగలేదు, నాకు తెలుసు. ఫారంలో "కారు దేశం" అన్న గడి దగ్గర నా వేలు ఆగిపోయింది. "బావా, ఏం రాయాలి?" అంటే, "ఖాళీ ఇడువు, అడిగితే జెప్త" అన్నాడు.

కారును డీసీఎం వ్యాను ఎక్కించుకుని సూర్యాపేట చేరాం. మైదానంలో అద్దాల్లా మెరిసే కార్లు, టోపీలు పెట్టుకున్న యజమానులు. వాటి మధ్య మా కారు, టార్పాలిన్ కప్పుతో. పరీక్షించే పెద్దాయన మర్యాదస్తుడే. వంగి చూశాడు, కిందికి దూరి చూశాడు, టేకు స్టీరింగు మీద నగిషీ చూసి కనుబొమలు ఎగరేశాడు. "క్షమించాలండీ. ఇందులో అసలు ఇంగ్లండు ఏం మిగిలింది? దీన్ని మేం లెక్కలో పెట్టలేం" అన్నాడు. ముప్పై దసరాలు పస్తులుండి కాపాడుకున్న కారు. బావ ముఖంలోకి చూడాలంటే భయమేసింది.

బావ మాత్రం కంగారుపడలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని, "సారూ, ఆ కంపెనీల ఇంగ్లండు ఏం మిగిలింది?" అని అడిగాడు. "వాళ్లు పేరు అట్లనే ఉంచుకోని మనుషులను మార్చిండ్రు, దేశాలు మార్చిండ్రు. మీరు కొంగ కంపెనీ అనే అంటున్నరు గదా. నేను బోల్టులు మార్చిన. ఊపిరి మార్చలే. ఇంజను దిమ్మె అదే, ఒక్క ఏడాదన్న ఆగనియ్యలే."

చుట్టూ నవ్వులు, చప్పట్లు. పెద్దాయన కూడా నవ్వాడు. "మాటల్లో గెలిచారు. రోడ్డు మీద గెలవండి. లాగించుకోకుండా కోదాడ చేరితే నేనే పిలుస్తాను" అని వరసలో అందరికన్నా వెనక చోటిచ్చాడు.

రెండో సీట్లో ఎవరు కూర్చోవాలన్న చర్చే రాలేదు. అక్క కొత్త చీర కట్టుకుని ముందే ఎక్కి కూర్చుంది. అన్నేళ్లలో ఆ కారు గేటు దాటి అక్కను తీసుకుపోవడం అదే మొదటిసారి. నేను మా అబ్బాయి కారులో వెనకాల. ఎండ ముదిరింది. దారిలో మెరిసే కార్లు రెండు బానెట్లు తెరుచుకుని పొగలు కక్కుతున్నాయి. ఏడాది పొడుగునా అద్దాల గదుల్లో నిద్రపోయే కార్లకు ఆ ఎండ కొత్త. మాది మాత్రం వెనక నుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ పోయింది. నేను చిన్నపిల్లలా కిటికీ లోంచి చేతులూపాను.

మునగాల దాటగానే అది రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. వెనకే వస్తున్న క్లబ్బు వాళ్ల జీపులోంచి ఒక కుర్రాడు లాగే తాడు తీశాడు. ఆ తాడు తగిలిస్తే అంతా ఖతం. నేను పరుగెత్తేసరికి బావ స్టీరింగు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అక్క దిగింది. కొంగు నడుముకు దోపుకుంది. "పరేషాన్ గాకు, ఇది నాకు ఎరుకే" అని బానెట్ ఎత్తి, గాజుల్లోంచి పిన్నీసు తీసింది. పొడిచింది, ఊదింది, మళ్లీ పొడిచింది. తాడు పట్టుకున్న కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. "ఇగ సెల్ఫు కొట్టు" అంది అక్క. మొదటి తిప్పుకు లేవలేదు. రెండో తిప్పుకు ఇంజను గర్జించింది. అక్క ముఖం మీద నల్లటి మసి, కొత్త చీర మీద నూనె మరకలు, ఆ నవ్వు మాత్రం నేను అక్క పెళ్లిలో కూడా చూడలేదు.

కోదాడలో జనం రోడ్డుకు రెండు పక్కలా నిలబడ్డారు. అందరికన్నా వెనక బయల్దేరిన మా కారు నాలుగోదిగా చేరింది. ఆ పెద్దాయన మాట తప్పలేదు. తనే మైకు తీసుకుని, "మీ కారు దేశం గడి ఖాళీగా ఉంది. ఏమని చెప్పమంటారు?" అని అడిగాడు. బావ ఒక్క క్షణం అక్క వైపు చూశాడు. "పుట్టింది ఇంగ్లండుల సారూ. బతికింది వేములపల్లిల. వేములపల్లిదే అని జెప్పుండ్రి" అన్నాడు. మైకులో మా ఊరి పేరు మోగింది. దాని వెంటే బావ పేరు మోగింది, పెద్దవూర నుంచి తెచ్చుకున్న ఇంటిపేరుతో సహా, పూర్తిగా, ముందూ వెనకా ఎవరి అల్లుడనీ లేకుండా. మా ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన వాళ్లు ఈలలు వేశారు. ఇన్నేళ్లు ఆయన్ను మా నాన్న పేరుతో పిలిచిన నోళ్లే "మా ఊరోడు" అని అరిచాయి. బావ ఫలకాన్ని అక్క చేతికిచ్చి కళ్లు తుడుచుకున్నాడు. నేను బాహాటంగా ఏడ్చాను, నాకేం సిగ్గు లేదు. కాలం కారునైనా మనిషినైనా పుట్టిన చోట ఉండనివ్వదు. కానీ దానికి ఓపికగా ముప్పై నలభై ఏళ్లు ఇచ్చి చూస్తే, వచ్చిన చోటునే సొంత ఊరు చేసి చేతిలో పెడుతుంది.