మూరకు ఐదు పాయింట్లు

పాయింట్లక్కకు ఆ పేరు పెట్టింది ప్రెస్సులోవాళ్లే. ఎవరైనా "ఈ బొమ్మ కాస్త జరుపక్కా" అంటే చాలు, "కాస్త అంటే ఎన్ని పాయింట్లు?" అని నిలదీసేది. అచ్చుపనిలో పాయింటంటే అంగుళంలో సుమారు డెబ్బై రెండో వంతు. చిన్నతనంలో తండ్రి పక్కన నిలబడి సీసం అక్షరాలు పేర్చిన మనిషి ఇప్పుడు కంప్యూటర్ మీద పేజీలు కడుతోంది. తండ్రి వాడిన ఇత్తడి స్కేలు మాత్రం సొరుగులో అలాగే ఉంది. దాని మీద చెక్కి ఉండేవి సీసం కాలపు పాయింట్లు.

ఆమె చెల్లెలి మొగుడు వడ్రంగి. టేపును నమ్మడు. గురువు ఇచ్చిన మూరకోలతోనే పనంతా. మూరంటే ఇరవై నాలుగు వేళ్లు. ఆ కోల కాస్తా నిలువునా చీలింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని ప్రెస్సుకు వచ్చాడు.

"వదినగారూ, దీని గీతలు కాగితం మీద అచ్చేసి ఇవ్వండి. కొత్త కర్రకు అంటించుకుంటాను. మా ఊళ్లో కడుతున్న ఇంటికి దూలం ఎక్కించాలి."

"అటూ ఇటూ అయితే పరవాలేదా?"

"అటూ ఇటూ కాకూడదనే కదా మీ దగ్గరికొచ్చింది!"

ఆ మాటకు ఆవిడ పొంగిపోయింది. ఇత్తడి స్కేలు జరుపుకుంటూ కొలిస్తే మూర పదమూడు వందల ఒక్క పాయింటు తేలింది. అదే అంకె కంప్యూటర్‌కిచ్చి పట్టీ అచ్చు తీసిచ్చింది.

మర్నాడు కాస్త తీరిక దొరికి, తన దగ్గర ఉంచుకున్న రెండో పట్టీని స్కేలు పక్కన పెట్టి చూసుకుంది. మొదట్లో గీతకు గీత కలిసింది. స్కేలు చివరికి వచ్చేసరికి పట్టీ గీత దాన్ని దాటి అవతల నిలబడింది.

కంప్యూటర్ పాయింటు కన్నా సీసం పాయింటు వెంట్రుకవాసి పొట్టి. కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి నూరిపోసేది తనే. అలాంటిది పాత స్కేలుతో కొలిచి, ఆ అంకెను కొత్త పాయింట్లలో అచ్చేసింది. మూరకు దాదాపు ఐదు పాయింట్లు ఎక్కువ. కంటికి ఆనదు. కానీ మరిది తీసుకున్న దూలం తొమ్మిది మూరలు! తొమ్మిదిసార్లు కోల వేస్తే ముప్పాతిక వేలు దాటుతుంది.

అతను సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని అది. స్తంభాలు నిలబడిపోయాయి. వాటి కొలత పాత కోలతో తీసిందే. దూలానికి తెచ్చిన చేవ కర్ర మళ్లీ దొరకదు.

ఫోను చేస్తే చెల్లెలు ఎత్తింది.

"ఆయన ఫోను ఇంట్లోనే పారేసి వెళ్లాడక్కా. ఏమైంది, అలా రొప్పుతున్నావ్?"

"ఏం లేదే" అంటూనే చెప్పులు తొడుక్కుంది.

బస్సు ఆగిన ప్రతిచోటా ఎవరో చెక్క కోస్తున్న చప్పుడే వినిపించింది. పట్టీ పొడుగైంది కదా, దూలం పొడుగైతే కోసేసుకోవచ్చు అని తనకు తానే చెప్పుకుంది. అంతలోనే బెజ్జాలు గుర్తొచ్చాయి. స్తంభాల తలల మీది కొయ్య మేకులు దూలం రెండు చివర్లా బెజ్జాల్లో కూర్చోవాలి. తప్పుచోట తొలిచిన బెజ్జాన్ని పూడ్చేదెవరు?

ఆ కొత్త ఇంటి దగ్గరికి వెళ్లేసరికి ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"ఆపు మరిదీ! ఆపు!"

అతను ఉలి పట్టుకునే తిరిగాడు. "ఏంటి వదినగారూ, ఇల్లు అంటుకుందా?"

"ఎన్ని బెజ్జాలు తొలిచావు?"

"ఒకటి ఇప్పుడే అయింది. రెండోది మొదలెట్టబోతున్నా."

ఆమె అక్కడే చెక్కపొట్టులో కూలబడి, జరిగింది చెప్పింది. అతను కోల మీది కాగితాన్ని గోటితో గీకి పీకేశాడు.

"మొదటి బెజ్జం నుంచే కదా కొలత మొదలు. దానికేం కాలేదు. ఇప్పుడు మీ పాయింట్లూ వద్దు, మా మూరలూ వద్దు. సన్న బద్ద ఒకటి స్తంభాల మీదే పరిచి మేకుల దగ్గర గీత గీద్దాం."

"గీసే పెన్సిలు మొన లావుగా ఉంటే?"

"చెక్కి గీస్తానండీ తల్లీ!"

బద్ద మీది గుర్తును దూలం మీదికి మార్చి రెండో బెజ్జం తొలిచాడు. దూలాన్ని తాళ్లతో పైకి లాగుతుంటే చూడలేక గోడవైపు తిరిగి నిలబడింది. కొయ్యసుత్తి దెబ్బలు మొదట బోలుగా, తర్వాత గట్టిగా వినిపించి ఆగిపోయాయి.

"కూర్చుంది వదినగారూ!"

ఆమె నమ్మలేదు. వద్దంటున్నా వినకుండా నిచ్చెనెక్కి, సంచిలోంచి పలచటి కాగితం తీసి దూలానికీ స్తంభానికీ మధ్య దోపబోయింది. కాగితం అంచు ముడుచుకుపోయింది గాని లోపలికి పోలేదు. చోటు మార్చి మళ్లీ దోపింది. అక్కడా అంతే.

"ఇంక దిగండి, రెండో చివర కూడా చూద్దురు గాని" అన్నాడు మరిది, నిచ్చెన మోయడానికి సిద్ధమవుతూ.