వందనాలమ్మ

మొన్న బుధవారం పొద్దున మా పెద్దమ్మ పోయింది. చర్చి వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని వచ్చింది. అంతకంటే ముందే పుంగనూరులో వాళ్ళ వీధి చివర టీకొట్టాయన నాకు ఫోన్ చేసి, "వందనాలమ్మ ఇంక లేదమ్మా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది ఆ మాటకే.

ఎవరు ఎదురైనా "వందనాలు" అనేది పెద్దమ్మ. మా క్రైస్తవుల పలకరింపు అది. కూరగాయల బండాయనకూ అదే, బ్యాంకు మేనేజరుకూ అదే. ఎవరో వెక్కిరింతగా పెట్టిన పేరు చివరికి ఊరంతా పిలిచే పేరయింది.

మదనపల్లెలో నర్సుగా రిటైరయ్యాక ఆమె పెట్టుకున్న పని, ఆస్పత్రికి తోడు పోవడం. చీటీ ఎక్కడ రాయించాలో, ఏ గది ముందు కూర్చోవాలో తెలియనివాళ్ళను మదనపల్లెకో కుప్పానికో బస్సులో తీసుకుపోయేది. డాక్టరు చెప్పింది విడమర్చి చెప్పి, తన డబ్బాలోని చిత్రాన్నం పెట్టి, మళ్ళీ వాళ్ళ గడప దాకా దింపేది.

ఒకసారి టీకొట్టాయన అందరి ముందూ అన్నాడు: "ఏం వందనాలమ్మా, ఈ పొద్దు ఎవుర్ని మతం మారస్తాండావు?"

"నా వల్ల యాడయితాదప్పా? పలమనేరులో బస్సు మారేదానికే మోకాళ్ళు పోతాండాయి."

బెంచీ మీదున్నవాళ్ళంతా నవ్వారు. తర్వాత ఆయన తల్లికి కాలు పుండయినప్పుడు తోడు పోయిందీ పెద్దమ్మే.

యూనివర్సిటీ చదువు తర్వాత నాకు ప్రార్థనలో మనసు నిలవలేదు. "దేవుడు లేడనుకో పెద్దమ్మా, అప్పుడు ఈ తిరుగుడంతా ఎందుకు?" అని ఒకరోజు అడిగేశాను.

ఆమె నిమ్మచెక్క పిండుతూ తలెత్తలేదు. "నాకైతే ఉండాడు. నీకు లేకపోతే నీ మీద ఆయనేం అలగడులే. తోడు పోను నమ్మకం యాలమ్మే? చెప్పులుంటే సాలు."

నన్ను నా సందేహాలతోనే దగ్గరకు తీసుకున్న మనిషి ఆమె. అందుకే ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను.

సమాధి మీద మట్టి వేసి చేతులు కడుక్కుంటుంటే, వాళ్ళ వీధిలో పూలమ్మే ఆమె నా పక్కకొచ్చి నిలబడింది. చూపు మసకబారి, ఈ మధ్య పూలు తడుముకుంటూ కడుతోందని విన్నాను.

"సోమవారం కుప్పంలో కంటి ఆపరేషన్‌కు రమ్మన్నారమ్మా. పెద్దామె వస్తాననింది. ఇంక నన్నెవురు తోల్కపోతారు?"

"నేనొస్తాను" అన్నాను. అన్నాక భయమేసింది. ఆస్పత్రిలో ఏ గది ముందు కూర్చోవాలో నాకూ తెలియదు.

సోమవారం బస్సెక్కి కూర్చోగానే ఆమె చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. "ఊ, కానీమ్మా" అంది.

"ఏం కానియ్యాలి?"

"ప్రార్థన. బస్సు కదిలేముందు పెద్దామె సేసేది. నా కన్ను బాగుకావల్ల కదా!"

నాకే నమ్మకం లేని మాట ఆమె కోసం పలకాలా, వద్దా? తేల్చుకోలేక, ఆమె జోడించిన చేతుల మీద నా చెయ్యి ఉంచాను. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు స్టాండు దాటింది. ఎర్రటి బొట్టు కింద ఆ కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి.

కాసేపటికి, నేను లోపల్లోపల ఏదో చెప్పి ముగించాననుకుందేమో, "ఆమెన్" అని తనే అంది. నా చెయ్యి పట్టుకుని, కళ్ళు తెరిచింది.