ఆఖరి బాస్కెట్ ఎవరి పేరున రాయాలి

నేను రిటైరవడానికి ముందు ఏడాది డిసెంబరులో, అరకులోయలో జరిగిన ఒక మహిళల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ మ్యాచికి స్టాటిస్టిషియన్‌గా డ్యూటీ పడింది. వృత్తిరీత్యా నేను ఏజెన్సీలో ఒక గురుకుల పాఠశాలకు ఫిజికల్ డైరెక్టర్‌ని. స్కోరు, లెక్కలు రాసే టేబుల్ అఫీషియల్ పరీక్ష పాసై ఉండటం వల్ల ఇలాంటి మ్యాచిలకు అప్పుడప్పుడు పిలిచేవారు. విశాఖ జట్టుకూ గోదావరి జట్టుకూ పోటీ. మామూలుగా నగరాల్లో ఆడించే లీగు, ఆ ఒక్క మ్యాచిని కొండ మీదికి తెచ్చారు.

గణాంకాల బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటాం. ఒకరు ఆట మీంచి కళ్లు తిప్పకుండా జెర్సీ నంబరు, ఏం జరిగిందీ పైకి చెబుతారు. రెండోవారు తల ఎత్తకుండా లాప్‌టాప్‌లో కొడతారు. చెప్పడం నా పని, కొట్టడం శేఖర్ పని. పాయింట్లే కాదు, రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని అందుకుంటే రీబౌండ్, ఎదుటివాళ్ల షాట్‌ను గాలిలో అడ్డుకుంటే బ్లాక్, బంతి పోగొట్టుకుంటే టర్నోవర్, ఇలా ప్రతిదీ ఎవరో ఒకరి నంబరు కింద పడాలి.

ఆ రోజు నా నోట ఎక్కువసార్లు వచ్చిన నంబరు పదకొండు. గోదావరి జట్టులో ఆడుతున్న గెమ్మెలి రాహేలుది. జి.మాడుగుల వైపు కొండపల్లె పిల్ల. మా బడి పిల్ల కాదు, అంతకుముందు నాకు పరిచయం లేదు. అదే ఆమెకు లీగులో మొదటి ఏడాది. తర్వాతి సీజనుకు ఉంచుకుంటారో లేదో ఆ వారంలోనే తేలుతుందని అందరికీ తెలుసు. కాఫీ పళ్లు కోసే పని ఆపుకుని, జీపు కట్టించుకుని వాళ్ల ఊరివాళ్లు వచ్చారు. ముందు వరసలో తల్లి మార్తమ్మ. కూతురి ఆట ఆమె చూడటం అదే మొదటిసారి.

రాహేలు పెద్ద పొడగరి కాదు. కానీ షాట్ గురి తప్పినప్పుడు బంతి ఎటు పడుతుందో ముందే పసిగట్టి అక్కడికి చేరేది. "పదకొండు, డిఫెన్స్ రీబౌండ్" అని చెప్పీ చెప్పీ నా గొంతు పట్టేసింది. మార్తమ్మ మాత్రం కూతురి చేతిలోకి బంతి వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడేది.

ఆఖరి క్షణాలకు గోదావరి అరవై, విశాఖ యాభై తొమ్మిది. విశాఖ ఏడో నంబరు అమ్మాయి షాట్ వేసింది. బంతి రింగుకు తగిలి బయటికి వచ్చేసింది. రాహేలు ఎగిరింది. బంతి ఆమె వేళ్ల చివర తగిలి, పైకి లేచి, తన జట్టు కాపాడుకోవాల్సిన ఆ రింగులోనే పడిపోయింది. వెంటనే బజర్. విశాఖ ఒక్క పాయింటుతో గెలిచింది.

హాలంతా అరుపులు. రాహేలు ఉన్నచోటే కూలబడిపోయింది. ముందు వరసలో మార్తమ్మ ఒక్కతే చేతులెత్తి గంతులేస్తోంది.

శేఖర్ నావైపు చూశాడు. "ఎవరికి వేయను మేడమ్?"

రూలు స్పష్టంగానే ఉంది. షాట్ ముగిసి, బంతి బయటికి వచ్చాక పొరపాటున సొంత బాస్కెట్‌లో పడితే, ఆ రెండు పాయింట్లు కోర్టులో ఉన్న ఎదుటి జట్టు కెప్టెన్ పేరున వేయాలి. విశాఖ కెప్టెన్ నాలుగో నంబరు. ఆ క్షణంలో ఆమె మధ్య గీత దగ్గరెక్కడో ఉంది. "నాలుగుకి రెండు" అన్నాను. బంతి చేతికి చిక్కలేదు కాబట్టి రాహేలుకి రీబౌండ్ కూడా రాదు.

స్కోరు షీటు మీద రిఫరీ సంతకం అవుతుండగా గోదావరి మేనేజర్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. ఆ బాస్కెట్ పదకొండో నంబరు వల్ల పడిందని స్టాట్ షీటులో చూపించమన్నాడు. అలాంటి గడి లేదన్నాను. అయితే కింద ఒక వాక్యం రాయమన్నాడు. ఆమెను ఉంచాలో వద్దో తేల్చే యజమానులకు చూపించాలట.

"పొరపాటున పడిన బాస్కెట్‌కి వేసినవాళ్ల పేరు రాయరు సార్. రూలు అలా ఉంది. నేను రాయను" అన్నాను.

ఆయన ఇంకేదో అనబోతుంటే మార్తమ్మ బల్ల దగ్గరికి వచ్చేసింది. ఆమె వెనకే రాహేలు, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో.

"మేడమ్మా, సూసినారా? ఆకరి బంతి మా గుంటే ఏసింది! ఏటి, ఎన్నొచ్చినాయి దీనికి?"

రాహేలే చెప్పింది.

"అమా, నానే ఏసినాను. కానీ మా బుట్టలోనే ఏసేసినాను. నా వల్లే ఓడిపోనాం."

మార్తమ్మ మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. కూతురి కుడిచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది.

"అదలాగుంచు. ముందు ఈ ఏలు ఏటయిందే? ఇలగ ఉబ్బిపోనాది!"

చూపుడు వేలు నిజంగానే వాచి నల్లబడి ఉంది. మూడో క్వార్టర్‌లో బంతి తగిలిందట. చెబితే బెంచి మీద కూర్చోబెట్టేస్తారని చెప్పలేదట.

ఇంతలో గోదావరి కోచ్ వచ్చింది. నలభై దాటిన మాజీ క్రీడాకారిణి, మాటలు తక్కువ మనిషి. నన్ను స్టాట్ షీటు ప్రింటు అడిగి తీసుకుని మేనేజర్ ముందు పెట్టింది. పదకొండో నంబరుకి తొమ్మిది పాయింట్లు, పద్నాలుగు రీబౌండ్లు, మూడు బ్లాకులు. "రెండో క్వార్టర్‌లో ఈ అమ్మాయిని బెంచి మీద కూర్చోబెట్టిన కాసేపట్లోనే మనం పదకొండు పాయింట్లు వెనకబడ్డాం. మళ్లీ పంపితేనే అందుకున్నాం. ఆ పద్నాలుగూ లేకపోతే చివరిదాకా వచ్చేవాళ్లమా?" అంది. మేనేజర్ షీటు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మార్తమ్మ నన్ను వదల్లేదు. పద్నాలుగంటే ఏమిటో చెప్పమంది. ఎదుటివాళ్ల గురి తప్పిన బంతిని నీ కూతురు పద్నాలుగుసార్లు ఎగిరి పట్టుకుంది అన్నాను. ఆమె ఆ మాట జీపువాళ్లందరికీ చెప్పింది. రాహేలు అప్పుడు కొంచెం నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది.

మర్నాడు విశాఖలో ఎక్స్‌రే తీస్తే వేలి ఎముకలో సన్నటి పగులు. కోచ్ పట్టుబట్టడంతో జట్టు ఆమెను మరుసటి సీజనుకు ఉంచుకుంది. ఇప్పటికీ ఆడుతోంది. ఆ మ్యాచి గురించి పేపర్లో వచ్చిన ముక్కలో మాత్రం ఆఖరి బాస్కెట్ తప్ప ఇంకేమీ లేదు.

రిటైరయ్యాక కొత్తగా వచ్చే టేబుల్ అఫీషియల్స్‌కి క్లాసులు చెబుతున్నాను. సొంత బాస్కెట్ రూలు దగ్గర ఈ మ్యాచి గురించి చెబుతాను. ఆఖరి క్షణంలో పడినా, మొదటి నిమిషంలో పడినా సొంత బాస్కెట్‌కి రెండే పాయింట్లు. హాలు ఎంత అరిచినా మూడు రాయకూడదు, ఎవరు ఏడ్చినా ఒకటి రాయకూడదు. జరిగినదాన్ని జరిగినంతే రాస్తే, ఆటగాళ్ల తరఫున మాట్లాడాలనుకున్నవాళ్లకు చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఆ పని సరిగ్గా చేయడం వరకే మన బాధ్యత.