అత్వెల్లి తెలివైనోడు

అత్వెల్లిలో పరమేశ్ అనే పేరుగలవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, తెలివైన పరమేశ్ అంటే మాత్రం బాలరాజు కొడుకే. ఆ మాట అతనికి ఏడో తరగతిలో అంటుకుంది. పంద్రాగస్టు నాడు జెండా కింద నిలబడి, చేతిలో కాగితం ముక్క లేకుండా, సారు రాసిచ్చిన పొడుగాటి ఉపన్యాసాన్ని ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాడు. బాలరాజు ఆ సాయంత్రమే మేడ్చల్ వెళ్లి మిఠాయి తెచ్చి వాడకట్టంతా పంచాడు. పదో తరగతిలో పరమేశ్ మండలానికి మొదటివాడుగా వచ్చాక ఇక ఆ మాటకు ఎదురులేకపోయింది.

బాలరాజుది ఆకుకూరల సాగు. హైవేకి కాస్త లోపలగా చిన్న చెలక, ఒక బోరు. పాలకూర కోసి, కొత్తిమీర పీకి, కట్టలు కట్టి పొద్దున్నే మేడ్చల్ మార్కెట్లో దించాలి. భార్య పోయాక ఆ పనికి తల్లి సాలమ్మ, కూతురు ప్రియాంక తోడయ్యారు. కొడుకును మాత్రం మడిలో కాలు పెట్టనిచ్చేవాడు కాదు. ప్రియాంక తెలివి గురించి ఇంట్లో ఎవరూ మంచీ చెడూ అనలేదు. అన్న ఉన్న ఇంట్లో ఆ ఊసు ఎత్తాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

నగరంలో ఒక పెద్ద కాలేజీ వాళ్లు మార్కులు చూసి ఇంటర్‌లో చేర్చుకున్నారు, అన్నిటికంటే పై సెక్షన్‌లో కూర్చోబెట్టారు. అక్కడ పక్క బెంచీలో అన్వేష్ అనే కుర్రాడుండేవాడు. కొత్త లెక్క ఇస్తే కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఎక్కడ పట్టుకోవాలో చెప్పేవాడు. పరమేశ్‌కు ఆ లెక్క ఇంతకు ముందు చేసి ఉంటేనే వచ్చేది. అంకెలు మారిస్తే ఫరవాలేదు, అడిగే తీరు మారిస్తే కలం కదిలేది కాదు. ఒక ఆదివారం పరీక్షలో ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు అతనికి సంగతి అర్థమైంది. తనకున్నది జ్ఞాపకశక్తి. ఊరు దాన్ని తెలివి అనుకుంది, తనూ అనుకున్నాడు.

దసరా సెలవులకు ఇంటికొచ్చి తండ్రితో చెబుదామనుకున్నాడు. బస్సు దిగి ఇంటికి చేరేసరికి మిద్దె మీద కొత్త గది లేస్తోంది. కింద అలికిడికి కొడుకు చదువు చెడకూడదని బాలరాజు కట్టిస్తున్నాడు. తాపీ మేస్త్రీకి కిటికీ ఎటు పెడితే గాలి వస్తుందో చేతులూపి చూపిస్తున్నాడు. పరమేశ్ సంచీ కింద పెట్టి, గది బాగుందని చెప్పాడు.

ఆ తర్వాత అతను నెలనెలా కింది సెక్షన్లకు జారాడు. ఇంజనీరింగ్ సీటు రాలేదు. పట్నం పిల్లలకు చిన్నప్పటి నుంచే కోచింగ్ ఉంటుందనీ, తన కొడుకు దిమాగ్‌కు వాళ్లు సరిరారనీ బాలరాజు అందరికీ చెప్పుకున్నాడు. మేడ్చల్‌లో డిగ్రీ అయింది. ఇక గ్రూప్స్ పరీక్షలు మొదలయ్యాయి. నోటిఫికేషన్ వచ్చేది, వాయిదా పడేది, మళ్లీ వచ్చేది. రాసిన ప్రతిసారీ కొద్దిలో పోయిందని బాలరాజు అనేవాడు. కొద్దిలో కాదని పరమేశ్‌కు తెలుసు.

ఏళ్లు ఆ మిద్దె గదిలోనే గడిచాయి. పైన రేకులు, ఎండాకాలం కుంపటిలా ఉండేది. కిటికీలోంచి గోదాముల నీలం కప్పులు, వాటి ఇవతల వంగి కూర కోస్తున్న తండ్రీ చెల్లెలూ కనిపించేవారు. మెట్ల దగ్గర పిల్లలు అరిస్తే సాలమ్మ కసిరేది. చాయ్ పైకే వచ్చేది, అన్నం పైకే వచ్చేది. చదవకుండా చదువుతున్నట్టు ఉండడం అతనికి అలవాటైంది. కింద వినపడేలా అప్పుడప్పుడూ పేజీ తిప్పేవాడు. మధ్యలో ప్రియాంక దేవరయాంజాల్ సంబంధం కుదిరి, పెళ్లయి వెళ్లిపోయింది. బాలరాజు నడుము పట్టేసిన రోజుల్లో పరమేశ్ ఒకసారి కిందికి దిగి పార పట్టుకున్నాడు. తండ్రి వచ్చి, ఆ పారను చేతిలోంచి తీసుకుని, తల తిప్పి మెట్ల వైపు చూశాడు.

నిరుడు ఊరి బడిలో పదో తరగతి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ముందు వరుసలోని ఒక పిల్ల లేచి, అన్నా, మండలం ఫస్ట్ రావాలంటే ఎట్ల చదవాలె అని అడిగింది. ఇన్నాళ్లకు ఒకరు తిన్నగా అడిగారనిపించింది అతనికి.

"నేను బట్టీ కొట్టిన. అర్థమై చదివింది తక్కువ. తర్వాత ఆ బట్టీనే నన్ను ఆపింది," అన్నాడు.

పిల్లలు నవ్వారు. హెడ్మాస్టర్ మైకు అందుకుని, ఇంత తెలివుండీ ఎంత ఒదిగి మాట్లాడుతున్నాడో చూడండి, నేర్చుకోవాల్సింది ఇదే అన్నాడు. శాలువా కప్పారు. ఇంటికి నడిచొస్తూ పరమేశ్ శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకున్నాడు. లేని తెలివిని లేదని చెప్పినా అది ఇంకో తెలివిగా లెక్కకొస్తోంది. ఈ ఊళ్లో తను బయటపడే దారి ఎటు ఉందో కనిపించలేదు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కొత్తిమీర మడి మొత్తం పీకడానికి సిద్ధంగా ఉంది, గట్టి వాన పడితే మురిగిపోతుంది. బాలరాజు షామీర్‌పేట వైపు విత్తనాలకు వెళ్లాడు. చేలో సాలమ్మ ఒక్కతే కూర్చుని పీకుతోంది. పరమేశ్ దిగి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వద్దంది. అతను వినలేదు. కొత్తిమీర వేర్లు తెగిపోతున్నాయి, మట్టి దులపడం రావడం లేదు, కట్టిన కట్ట చేతిలోనే విడిపోతోంది. సాలమ్మ చూసి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది బిడ్డా గిది? చిన్న పోరగాళ్లు నయం నీకన్న," అంది.

పరమేశ్ నవ్వాడు. ఎన్నాళ్ల తర్వాతో గుండెలోంచి వచ్చిన నవ్వు. ఒక పని అతనికి రాదని ఇంట్లో ఒక మనిషి అతని మొహం మీద అనడం అదే మొదటిసారి. వాన అందుకునేసరికి సగం మడే అయింది. తడిసిన కట్టలు మోసుకుని ఇద్దరూ చూరు కిందికి చేరారు.

బాలరాజు వచ్చి, బురద చేతులతో ఉన్న కొడుకును చూసి తల్లి మీద కోప్పడబోయాడు. పరమేశ్ అడ్డుపడ్డాడు.

"నాయినా, నేను నువ్వనుకున్నంత తెలివైనోన్ని గాదు. నాకు యాదుంటది, అంతే. ఇంటర్‌లనే తెలిసింది నాకు."

బాలరాజు విత్తనాల సంచీ దించి దాని పక్కన కూర్చున్నాడు. "మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలె?"

"నువ్వు నా సదువుకని మిద్దె మీద అర్ర కట్టిస్తుంటివి."

తండ్రి లేచి వెళ్లి తడిసిన కట్టల్లో పనికొచ్చేవి ఏరడం మొదలుపెట్టాడు. తర్వాత కొన్ని రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మందలించి ఉంటే బాగుండేదని పరమేశ్‌కు అనిపించింది.

హైవే పక్కనున్న ఒక గోదాములో అతను ఉద్యోగానికి చేరాడు. వచ్చిన సరుకు స్కానర్‌తో ఎక్కించి, వెనక్కి వచ్చిన సరుకు వేరు చేయాలి. అతని పై అధికారి నవ్యశ్రీ కోస్తా నుంచి వచ్చి బౌరంపేట్‌లో స్థిరపడిన కుటుంబం అమ్మాయి. మొదటి వారం ఆమె కంప్యూటర్‌లో పని చూపిస్తుంటే, అలవాటు కొద్దీ అర్థమైనట్టు తలూపాడు. ఆమె వెళ్లిపోతుంటే పిలిచి, సమజ్ కాలేదు మేడం, మళ్లా చెప్పండి అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు చెవులు వేడెక్కాయి. ఆమె కుర్చీ లాక్కుని మళ్లీ చెప్పింది, ఏమీ వింతగా చూడలేదు. అక్కడ అతను అందరికంటే చురుకైనవాడు కాదు, అందరికంటే వెనకబడ్డవాడూ కాదు. తను ఎంతటివాడో తనకు ఇన్నాళ్లకు సుమారుగా తెలుస్తోంది. సంతోషమూ బాధా కాని ఆ తెలివిడికి ఇంకా అలవాటు పడుతున్నాడు.

ఊరికి మాత్రం అతను ఇప్పటికీ తెలివైన పరమేశే. గోదాము పని చదువుకు తోడుగా చేస్తున్నాడని మార్కెట్లో బాలరాజు చెబుతుంటాడు. మొన్న కొత్త పరీక్షల వార్త ఉన్న పేపరు తెచ్చి కొడుకు కంచం పక్కన పెట్టాడు.

"ఒక్కసారి సూడరాదు," అన్నాడు నేల వైపు చూస్తూ.

"సూసిన నాయినా. రాస్తలేను."

బాలరాజు పేపరు తీయలేదు. పరమేశ్ అన్నం ముగించి, చేయి కడుక్కుని, డ్యూటీకి టైమవుతోందని చెప్పి బయటికి వచ్చాడు.