వార్డు జాబితాలో నా పేరు

అరవై మూడో ఏట చర్చిలో, ఆదివారం బడి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు ఇది రాయలేకపోయానంటే కారణం అదే. నేర్చుకున్నాక కూడా చాలాకాలం రాయలేదు. కాగితం మీద పెడితే ఎవరైనా చదువుతారు.

అమెరికాలోని అరోరాలో మా వార్డు ఊరి నడుమ, రైలు పట్టాల పక్కన ఉంటుంది. సిటీ ఎన్నికల ముందు ఒక సాయంత్రం, పోటీలో ఉన్న ఒకాయన తరఫున ఓట్లడగడానికి వచ్చిన తెలుగమ్మాయి తలుపు తట్టింది. ఇక్కడే పుట్టిన పిల్ల. చేతిలో ఫోను, అందులో వార్డు ఓటర్ల జాబితా.

"ఆంటీ, మీరు లాస్ట్ టైమ్ ఓట్ చేశారు, దాని ముందు కూడా చేశారు. సూపర్! మా డాడీ ఒక్కసారి కూడా పోలేదు, లేజీ."

"ఎవరికి వేశానో కూడా ఉందా అందులో?"

"నో నో, వేశారా లేదా, అంతే. ఈ వార్డ్ ఎప్పుడూ క్లోజ్ ఆంటీ. పోయినసారి రెండుసార్లు కౌంట్ చేశారు. అందుకే ఇప్పుడు అవతలివాళ్లు ప్రతి నేమ్ చెక్ చేస్తున్నారు, సిటిజన్ కానివాళ్లు ఉన్నారా అని."

నా వెనక మా అమ్మాయి నిలబడి ఉంది. ఆ పిల్ల మెట్లు దిగగానే తలుపు గడియ పెట్టింది.

"అమ్మా, నువ్వు ఓటేశావా?"

"కార్డు వచ్చిందిగా ఇంటికి."

"నీకున్నది గ్రీన్ కార్డమ్మా! ఓటు లేదు నీకు!"

ఇక్కడి ఐడీ కార్డు తీసుకున్న రోజు మా అమ్మాయి కారు పార్క్ చేయడానికి వెళ్లింది. కౌంటర్‌లో ఆమె వేలు పెట్టి చూపించిన చోటల్లా గీత గీశాను. అందులో ఓటరుగా చేరే కాగితమూ ఉందట. అప్పటికి నాకు ఏ భాషలోనూ అక్షరం రాదు. కొన్నాళ్లకు ఓటరు కార్డు వచ్చింది. ఓటేయకపోతే పేరు కొట్టేస్తారని, పేరు పోతే పింఛను కూడా పోతుందని మా ఊళ్లో అందరం భయపడేవాళ్లం. ఆ భయంతోనే పక్క స్కూలుకు నడిచి వెళ్లాను. కాగితం మీద ఒక్క గుర్తు కూడా లేదు. పైనున్న సున్నా నింపి వచ్చాను. రెండోసారీ అంతే. హాస్పిటల్ డ్యూటీలో ఉన్న మా అమ్మాయికి చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు.

నా సిటిజన్‌షిప్ ఫారం సగం నింపి బల్ల మీద ఉంది. మా అమ్మాయి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఎప్పుడైనా ఓటు వేశారా?

"నో అని పెట్టేద్దాం. ఎవరు చూస్తారు?"

"ఇప్పుడొచ్చిన పిల్ల చూసిందిగా."

మా అమ్మాయి పెన్నుకు మూత పెట్టి ఫారం పక్కకు నెట్టింది. తర్వాత, "ఇండియాకి పంపించేస్తారమ్మా. అక్కడ నీకు ఎవరున్నారు?" అంది. అక్కడ నాకు ఎవరూ లేరు. ఆ పూట ఇద్దరం అన్నం తినలేదు.

మర్నాడు తను హాస్పిటల్‌కి వెళ్లగానే బస్సెక్కి ఎన్నికల ఆఫీసుకు వెళ్లాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను, "నేను సిటిజన్ కాదు. తెలియక ఓటేశాను. నా పేరు తీసేయండి." కౌంటర్‌లో ఆమె గ్రీన్ కార్డు అడిగింది. ఇచ్చాను. స్క్రీన్ చూసింది, నన్ను చూసింది. కూర్చోమని చెప్పి, కార్డు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

కూర్చున్నాను.